పాత 407లో ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు మార్చడం: క్లచ్ మీద మళ్లీ ఖర్చు పెట్టే ముందు చూడవలసినవి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ నాన్నగారి చేతుల మీదుగా వచ్చిన 2001 మోడల్ టాటా 407 బండి, 497 ఇంజిన్‌తో, దుగ్గిరాల పసుపు యార్డుకూ తెనాలి చుట్టుపక్కల ఊళ్లకూ కిరాయికి తిరుగుతోంది. ఐడ్లింగులో క్యాబిన్ అంతా వణుకుతోంది, గేరు రాడ్డు చెయ్యి వేస్తే గాని నిలవడం లేదు, లోడుతో ఫస్టు గేరులో క్లచ్ వదులుతుంటే బండి కుదుపులతో కదులుతోంది, ఇంజిన్ ఆపిన క్షణాన కింద దభీమని చప్పుడు వస్తోంది. ఒక మేస్త్రి చెప్పగా క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్పించారు గాని తేడా రాలేదు. ఇప్పుడు ఇంకొకరు ముందు వైపు ఫౌండేషన్లు, అంటే ఇంజిన్‌ను చాసిస్ మీద మోసే రబ్బరు దిమ్మలు, రెండూ మారిస్తే సరిపోతుందంటున్నారు. ఇంజిన్ దింపకుండా మార్చవచ్చా, రెండే మార్చాలా, అన్నీ మార్చాలా, బయటి రకం వేయవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

ఇంజిన్ దింపనక్కరలేదు. మార్చితే అన్నీ కలిపి మార్చండి. పేరూ నంబరూ లేని చవక రకం వేయకండి. ఈ మూడు జవాబులూ ఇంతటితో అయిపోతాయి. అయితే విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త రబ్బర్లు వేసిన బండ్లలో సగానికి సగం ఆరు నెలల్లో మళ్లీ వణుకుతూ నా దగ్గరకు వచ్చినవే. వాటిలో చాలా వాటికి రబ్బరు తప్పు లేదు. బోల్టు బిగించిన సమయం తప్పు, పాత రబ్బరును చంపిన కారణాన్ని అలాగే వదిలేయడం తప్పు. అందుకే ఈ జవాబు పొడుగైంది.

మొదట ఈ రబ్బరు చేసే పని చూద్దాం. మీ ఇంజిన్ పేరులోనే దాని కొలత ఉంది: నాలుగు సిలిండర్లు, 97 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం). నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ ఒక్క చుట్టు తిరిగేసరికి రెండు సిలిండర్లు మండుతాయి. నిమిషానికి 600 చుట్ల ఐడ్లింగు అనుకుంటే సెకనుకు పది చుట్లు, ఇరవై దెబ్బలు. డీజిల్ మంట పెట్రోలు మంట కంటే మొరటుగా కొడుతుంది కాబట్టి ఆ ఇరవై దెబ్బలూ బ్లాకును పక్కలకు ఊపుతూనే ఉంటాయి. ఆరు సిలిండర్ల 697 ఇంజిన్‌లో అదే వేగానికి ముప్పై దెబ్బలు పడతాయి గనుక ఒకదాని ఊపును ఇంకొకటి కొంత సర్దుతుంది. నాలుగు సిలిండర్లకు ఆ సౌఖ్యం లేదు. రబ్బరు మెత్తగా ఉన్నంతకాలం ఇంజిన్ తన చోట తాను ఊగుతుంది, చాసిస్‌కు ఆ ఊపు పెద్దగా అందదు. రబ్బరు గట్టిపడితే ఊపు నేరుగా చాసిస్‌లోకి దిగుతుంది. రబ్బరు ఇనుము నుంచి విడిపోతే ఇంజిన్ ఎగిరి బ్రాకెట్ మీద పడుతుంది. మీరు ఇంజిన్ ఆపినప్పుడు వింటున్న దభీమనే చప్పుడు చాలావరకు ఈ రెండో రకానిదే, ఎందుకంటే ఆగబోయే ముందు రెండు మూడు చుట్లలో ఇంజిన్ తిరిగే వేగం రబ్బరు సహజంగా ఊగే వేగం గుండా దిగుతుంది, అక్కడే ఊపు అన్నిటికంటే ఎక్కువ.

ఊపును ఆపడం ఒక పని అయితే మెలికను తట్టుకోవడం రెండోది. క్లచ్ సంగతి అర్థం కావడానికి ఈ రెండోదే ముఖ్యం. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్ బాక్స్ మూడూ ఒకే ముద్దగా బిగించి ఉంటాయి కాబట్టి, వెనక చక్రాలకు శక్తిని తీసుకుపోయే ప్రొపెల్లర్ షాఫ్టును ఎంత బలంతో తిప్పితే అంత బలంతో ఆ ముద్ద మొత్తం ఎదురు దిశలో మెలితిరగాలని చూస్తుంది. ఇంజిన్ 200 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) ఇస్తోందనుకోండి. ఐదు రెట్లు పెంచే గేరులో ఫౌండేషన్ల మీద పడేది 200 కాదు, 1000. అందువల్లే టాప్ గేరులో నున్నగా పోయే బండి ఫస్టు గేరులో కుదుపుతుంది. క్లచ్ పట్టడం మొదలుకాగానే ఇంజిన్ పక్కకు లేస్తుంది, లేచేసరికి పట్టు కాస్త సడలుతుంది, సడలగానే ఇంజిన్ తిరిగి కిందికి పడుతుంది, మళ్లీ పట్టు వస్తుంది. డ్రైవరు కాలికి ఇదంతా క్లచ్ కొట్టుకుంటున్నట్టే తెలుస్తుంది. అలా తెలియడం వల్లనే ఎందరో క్లచ్ ప్లేట్లు అనవసరంగా మార్చుకున్నారు, నేనూ నా తొలి రోజుల్లో ఒక పెద్దాయన బండికి బాగున్న క్లచ్ ప్లేటు తీసి కొత్తది వేశాను. ఆయన డబ్బు పోయింది, కుదుపు పోలేదు. ఆ తర్వాత క్లచ్ ఫిర్యాదుతో ఏ బండి వచ్చినా ముందు ఫౌండేషన్లు చూడకుండా గేర్ బాక్స్ దింపలేదు.

ఇప్పుడు నిజంగా ఫౌండేషన్లేనా అన్నది తేల్చుకోవాలి. వణుకు పుట్టించేవి ఇంకా ఉన్నాయి: ఒక సిలిండర్ మిస్ అవడం, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (దాని కీళ్లు), దాన్ని మధ్యలో మోసే సెంటర్ బేరింగు. బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, నెమ్మదిగా ఇంజిన్ వేగం పెంచండి. నిలబడి ఉన్నప్పుడే వణుకు ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టును పక్కన పెట్టేయవచ్చు, ఎందుకంటే అది అప్పుడు తిరగడమే లేదు. ఐడ్లింగులో గట్టిగా వణికి, వేగం పెరిగేకొద్దీ తగ్గిపోతే అనుమానం ఫౌండేషన్ల మీదికి పోవాలి. అన్ని వేగాల్లోనూ లయ తప్పిన కొట్టుడు, దానితోపాటు పొగ కనిపిస్తే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్సు చూడాలి. మీది పాత పద్ధతి డీజిల్ పంపు కాబట్టి, ఐడ్లింగులో ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు కొద్దిగా వదులు చేసి చూసే పరీక్ష మీకు కుదురుతుంది: ఏ సిలిండర్ పైపు వదిలినప్పుడు ఇంజిన్ శబ్దంలో మార్పు రాలేదో ఆ సిలిండర్ పని చేయడం లేదు. కళ్లద్దాలు, చేతికి తొడుగు లేకుండా ఈ పని చేయకండి. ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, అది ఆసుపత్రికి తీసుకుపోయే గాయం. చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కొత్త తరం కామన్ రైల్ ఇంజిన్ల మీద ఈ పరీక్ష ఎవరూ, ఎన్నడూ చేయకూడదు.

నాజిల్సు బాగున్నాయని తేలాక లోడు పరీక్ష చేయండి. హ్యాండ్ బ్రేకు బాగా లాగి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా చెక్క అడ్డులు పెట్టి, బానెట్టు ఎత్తి, క్యాబిన్ లోపలి ఇంజిన్ కవరు తీయండి. అనుభవం ఉన్న మనిషిని సీట్లో కూర్చోబెట్టి, కాలు బ్రేకు మీద ఉంచి, ఫస్టు గేరులో క్లచ్‌ను ఇంజిన్ బరువెక్కేంతవరకే వదలమని చెప్పండి. మీరు పక్కన నిలబడి చూడాలి, బండికి ఎదురుగా మాత్రం ఎవరూ ఉండకూడదు. ముందు నుంచి చూస్తే క్రాంక్ గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది, కాబట్టి ముందు గేరులో ఇంజిన్ క్లీనర్ వైపున పైకి లేచి డ్రైవర్ వైపున కిందికి నొక్కుకుంటుంది. రివర్స్ గేరులో ఇది తారుమారవుతుంది. ఆరోగ్యంగా ఉన్న రబ్బరు మీద ఇంజిన్ కాస్త ఒరిగి అక్కడ నిలుస్తుంది. వేలి మందం ఎగిరి, క్లచ్ నొక్కగానే టక్కున కిందపడితే ఆ వైపు రబ్బరు ఇనుమును వదిలేసిందని అర్థం.

ఎగరడాన్ని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో 1971 డిసెంబరులో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. కారణం ఇదే ఇంజిన్ మౌంటింగులు. రబ్బరు విడిపోయి ఇంజిన్ పైకి లేచినప్పుడు యాక్సిలరేటర్ లింకేజీ లాగుకుని తెరుచుకుని ఉండిపోయే ప్రమాదం ఉందని తేలింది, మరమ్మతుగా ఇంజిన్‌ను లేవకుండా పట్టే తీగ బిగించారు. మన లారీల్లో కూడా యాక్సిలరేటర్ రాడ్డో కేబులో చాసిస్ నుంచి ఇంజిన్‌కే వస్తుంది. లోడు పరీక్షలో ఇంజిన్ ఎగిరినప్పుడు పంపు మీది లీవరు కూడా కదులుతోందేమో తప్పకుండా గమనించండి. కదులుతుంటే ఆ బండిని కిరాయికి పంపకండి, మార్చిన తర్వాతే రోడ్డెక్కించండి.

ఇక రబ్బరును కళ్లతో చూడటం. బురద కడిగి, లైటు వేసి చూడాలి. బురద కింద అన్ని రబ్బర్లూ బాగున్నట్టే ఉంటాయి. పైపైన సన్నని గీతల్లాంటి పగుళ్లు వయసుకు వచ్చేవి, వాటితో భయం లేదు. పాత రంపపు బ్లేడు ముక్క తీసుకుని రబ్బరుకూ ఇనుప పలకకూ మధ్య అతుకు దగ్గర నెమ్మదిగా దూర్చి చూడండి. ఐదారు మిల్లీమీటర్లు ఆటంకం లేకుండా దిగితే అతుకు ఊడిందన్నమాట. బొటనవేలి గోరుతో నొక్కండి: గోరు గుంట అలాగే నిలిచిపోయి, చేతికి నల్లటి జిగురు అంటుకుంటే ఆ రబ్బరు నూనె తాగింది. సహజ రబ్బరు డీజిల్‌లోనూ ఇంజిన్ ఆయిల్లోనూ నానితే ఉబ్బి, మెత్తబడి, బలం కోల్పోతుంది. సైలెన్సర్ ముందు పైపు దగ్గర ఉండే వైపు రబ్బరు మాత్రం వేడికి గట్టిపడి, గోరు దిగకుండా, తట్టితే చెక్కలా పలుకుతుంది. ఒకే బండిలో ఒక వైపు నానినదీ ఇంకో వైపు కాలినదీ చూడటం నాకు మామూలు.

అందుకే ముందు రెండే మార్చమన్న సలహా నాకు ఒప్పుదల కాదు. ఎక్కువ బండ్లలో ముందు రెండు, వెనక క్లచ్ హౌసింగు లేదా గేర్ బాక్స్ దగ్గర రెండు ఉంటాయి, కొన్ని మోడళ్లలో ఒక చోట ఒకటే ఉంటుంది. మీ బండి కిందికి దూరి లెక్కపెట్టుకోండి. ముందు కొత్తవి వేస్తే ఇంజిన్ ముక్కు లేస్తుంది, వెనక పాతవి నలిగిపోయి కిందే ఉంటాయి. మొత్తం ముద్ద వెనక్కి వాలిపోయి, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసు కోణం మారి, రెండు నెలల తర్వాత వేరే చోట వేరే చప్పుడు మొదలవుతుంది. పైగా బరువు పంచుకోవడంలో తేడా వచ్చి కొత్త రబ్బరే త్వరగా పోతుంది.

కొనేటప్పుడు మీ బండి పార్టు నంబరు చూసుకుని కంపెనీవి గాని, పేరున్న తయారీదారువి గాని తీసుకోండి. ముందువీ వెనకవీ చూపుకు ఒకేలా ఉన్నా రబ్బరు గట్టిదనం వేరుగా ఉండవచ్చు, కలపకండి. ‘ఇది గట్టి రబ్బరు, ఎక్కువ కాలం వస్తుంది’ అని దుకాణంలో చెప్పినదాన్ని నమ్మకండి. గట్టి రబ్బరు ఎక్కువ కాలం వస్తుందేమో గాని ఆ వణుకంతా మీ రేడియేటర్ అతుకులు, క్యాబిన్ బోల్టులు, మీ నడుమూ మోయాలి. దుకాణంలో సంవత్సరాలు పడి ఉన్న సరుకు అంచుల్లో పగిలి ఉంటుంది. రబ్బరును రెండు వైపులా వేళ్లతో వంచి, అతుకు అంచున తెల్లటి గీత గాని సందు గాని కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. వాటితోపాటే కొత్త బోల్టులు, తలమీద 8.8 అని బలం గుర్తు ఉన్నవి, కొత్త లాక్ నట్లు కొనండి. పాత లాక్ నట్టు రెండోసారి పట్టు ఇవ్వదు.

పనికి ముందు రోజు సాయంత్రమే అన్ని ఫౌండేషన్ నట్ల మీదా తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. మర్నాడు సిమెంటు నేల మీద, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మట్టి నేల మీద జాకీ కుంగుతుంది. చక్రాలకు అడ్డులు పెట్టి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఫోనుతో ప్రతి బ్రాకెట్టునూ నాలుగు వైపుల నుంచి ఫోటో తీసుకోండి, బ్రాకెట్ క్రాస్ మెంబర్ మీద కూర్చున్న చోట పంచితో గుర్తు కొట్టండి. తర్వాత ఇంజిన్ పాత చోటే కూర్చుందో లేదో చెప్పేది ఆ గుర్తే. సైలెన్సర్ ముందు పైపు క్లాంపు వదులు చేయండి. రేడియేటర్ హోసులు, ఎర్త్ వైరు, క్లచ్ పైపు, డీజిల్ పైపులు ఇంజిన్ పది మిల్లీమీటర్లు లేచినా లాగుకోకుండా ఉన్నాయో చేత్తో పట్టుకుని చూడండి. ఫ్యాను రెక్కకూ దాని చుట్టూ ఉన్న కౌలు (కవచం)కూ మధ్య సందు ఎంతో కొలిచి రాసుకోండి.

ఇంజిన్ ఎత్తడం దగ్గరే నేను ఎక్కువ జాగ్రత్త చెబుతాను. ఇంజిన్, గేర్ బాక్స్ కలిపి క్వింటాళ్ల బరువు. దొరికితే చైన్ పుల్లీ తెచ్చి, ఇంజిన్ హుక్కులకు వేసి పైనుంచి మోయించడం అన్నిటికంటే మంచిది. జాకీతోనే చేయాల్సి వస్తే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ చాంబర్ నడిమధ్యన జాకీ తల పెట్టకండి. చాంబర్ పలుచటి రేకు. ఒకసారి మా దగ్గరకు ఒక లారీ వచ్చింది. వేరే చోట ఫౌండేషన్లు మార్చి వారం అయింది, ఆయిల్ లైటు వెలుగుతోందన్నారు. చాంబర్ విప్పితే అడుగు ఇంత లోతు లోపలికి నొక్కుకుని ఆయిల్ జాలికి ఆనుకుని ఉంది. జాలికీ అడుగుకీ మధ్య సందు లేక ఆయిల్ లాగలేక క్రాంక్ మీది బిగ్ ఎండ్ బేరింగులు నల్లబడిపోయాయి. కొద్దిపాటి ఖర్చుతో పోవలసిన పని క్రాంక్ దాకా వెళ్లింది. కాబట్టి రెండంగుళాల మందం చెక్క పలకను చాంబర్ అంచుల కింద, బోల్టుల వరస వెంబడి బరువు పడేలా పెట్టండి. వెనక ఫౌండేషన్లకు క్లచ్ హౌసింగు అడుగున చెక్క దిమ్మ పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి దూర్చకండి, పక్కన స్టాండు గాని దిమ్మలు గాని ఉండాలి. బ్రాకెట్టుకూ రబ్బరుకూ మధ్య వేళ్లు పెట్టి రంధ్రం వెతికే అలవాటు చాలామందికి ఉంది. జాకీ ఒక్క చుట్టు జారితే వేలు మిగలదు. రంధ్రాలు కలపడానికి సన్నని ఇనుప కడ్డీ వాడండి.

నేను వెనకవి ముందు మారుస్తాను, గేర్ బాక్స్ స్థానం కుదిరాక ముందువి సులువుగా కూర్చుంటాయి. ఒకటి మారుస్తున్నప్పుడు మిగతావి పూర్తిగా తీయకండి, నట్లు రెండు మూడు చుట్లు మాత్రం వదులు చేసి ఉంచండి. అన్నీ ఒకేసారి తీస్తే ఇంజిన్ పక్కకు జరిగిపోతుంది, దాన్ని తిరిగి వరసలోకి తేవడానికి ఆ పూటంతా సరిపోతుంది. బరువు రబ్బరు మీంచి వదిలేంతవరకే ఎత్తండి, పాతది జారిపడేందుకు ఐదు నుంచి పది మిల్లీమీటర్లు చాలు. తీసిన పాతదాన్ని కొత్తదాని పక్కన బల్ల మీద నిలబెట్టి స్టీలు స్కేలుతో ఎత్తు కొలవండి. నలిగిన రబ్బరు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో మీ కళ్లముందే కనిపిస్తుంది, ఫ్యాను కౌలుకు ఎందుకు తగులుతోందో అక్కడే తెలిసిపోతుంది.

రబ్బరు తీసిన ఖాళీలో బ్రాకెట్టును వైరు బ్రష్షుతో రుద్ది, వెల్డింగు పక్కన, బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లు వెతకండి. రంధ్రం గుండ్రంగా ఉండాలి. సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే బోల్టు ఎంత బిగించినా కదులుతూనే ఉంటుంది, పెద్ద వాషరు వేసి దాచడం కుదరదు, బ్రాకెట్ మార్చాలి. పోత ఇనుము బ్రాకెట్ పగిలితే రోడ్డు పక్కన వెల్డింగు పెట్టించకండి, ఆ అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. రబ్బరు కూర్చునే ముఖం మీద తుప్పు పొరలు ఉంటే గీకి, పలుచగా రంగు వేసి ఆరనివ్వండి.

కొత్తది పెట్టేటప్పుడు దాని మీద బాణం గుర్తు గాని, గూటిలో కూర్చునే చిన్న పిన్ను గాని ఉందేమో చూడండి. పిన్ను గూట్లో పడకుండా బిగిస్తే రబ్బరు మొదటి రోజే మెలికలో ఉంటుంది. సైలెన్సర్ వైపు ఫౌండేషన్ మీద రేకు కవచం ఉంటే దాన్ని పారేయకుండా తిరిగి వేయండి, పాతది తుప్పు పట్టి పోతే కొత్త రేకు కత్తిరించి వేయించండి. రబ్బరుకు గ్రీజు పూయకండి. ఎక్కడైనా జారడం అవసరమైతే సబ్బు నీళ్లు చాలు.

ఇప్పుడు మొదట్లో నేను చెప్పిన బిగింపు సంగతి. చాలామంది ఇంజిన్ ఇంకా జాకీ మీద వేలాడుతుండగానే ఒక్కొక్క బోల్టూ గట్టిగా బిగించి, చివర జాకీ తీసేస్తారు. అప్పుడు ఇంజిన్ తన బరువుతో తన చోటికి దిగాలని చూస్తుంది, బోల్టులు వదలవు, రబ్బరు పక్కకు మెలిపడి ఆ మెలికలోనే జీవితమంతా గడుపుతుంది. బండి కదలకముందే ఆ రబ్బరు ఒక అంచున చిరగడానికి సిద్ధంగా ఉంటుంది. సరైన వరస ఇది: అన్నిటికీ బోల్టులు వేసి, నట్లు స్ప్రింగ్ వాషర్ తగిలేంతవరకే చేత్తో తిప్పండి. జాకీ మొత్తం దించి, కింది నుంచి తీసేయండి. ఇంజిన్‌ను గడ్డపారతో మెల్లగా అటూ ఇటూ రెండు మూడు సార్లు ఊపండి. బ్యాటరీ వైరు తగిలించి, న్యూట్రల్‌లో, రేజ్ చేయకుండా రెండు మూడు నిమిషాలు ఐడ్లింగులో నడిపి ఆపండి. ఈ దశలో గేరు మాత్రం వేయకండి. ఇంజిన్ తనంతట తాను కూర్చున్న చోటు అదే. పంచి గుర్తులతో పోల్చి చూసుకుని, అప్పుడు బిగించండి. ముందు రబ్బరును బ్రాకెట్లకు పట్టే బోల్టులు, ఆ తర్వాత మధ్య బోల్టు. టార్క్ రెంచి వాడండి. సర్వీసు పుస్తకంలో అంకె ఉంటే అదే వాడాలి, లేకపోతే 8.8 బోల్టుల సాధారణ లెక్కన ఎం12 బోల్టుకు సుమారు 80, ఎం14కు సుమారు 125 న్యూటన్ మీటర్లు. పానాకు పైపు తొడిగి మనిషంతా వేలాడి బిగించడం బోల్టును సాగదీస్తుంది, సాగిన బోల్టు మొదటి గతుకులోనే వదులవుతుంది.

తర్వాత చూడవలసినవి ఉన్నాయి. ఫ్యాను రెక్క చేత్తో తిప్పి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో ముందు రాసుకున్న కొలతతో పోల్చండి. యాక్సిలరేటర్ తొక్కి వదిలితే పంపు లీవరు పూర్తిగా వెనక్కి రావాలి. క్లచ్ ఫ్రీ ప్లే (పెడల్ పట్టు రాకముందు ఉండే వదులు) మారి ఉంటుంది, సరిచేయండి. గేరు రాడ్డు అన్ని గేర్లలోకీ పోతోందా చూడండి. సైలెన్సర్ క్లాంపు బిగించడం అన్నిటికంటే చివర. ముందే బిగిస్తే ఇంజిన్ ఊపు పైపు మీద పడి అది పగులుతుంది. లోడు పరీక్ష మళ్లీ చేసి, ఇంజిన్ ఒరిగి నిలుస్తోందా, ఎగురుతోందా చూడండి.

ఇంతా చేశాక, పాత రబ్బరును ఏది చంపిందో దాన్ని వదిలేస్తే లాభం లేదు. మీరు పంపిన వివరాల్లో క్లీనర్ వైపు ఫౌండేషన్ నల్లగా తడిగా ఉందని రాశారు. ఆ పైన ట్యాపెట్ కవర్ ప్యాకింగు, నాజిల్సు ఓవర్ ఫ్లో పైపు, డీజిల్ ఫీడ్ పంపు అతుకులు గుడ్డతో తుడిచి, ఇంజిన్ పది నిమిషాలు నడిపి, ఏది మళ్లీ తడి అవుతోందో చూడండి. దాన్ని ఆపకుండా కొత్త రబ్బరు వేస్తే అది కూడా నాని ఉబ్బుతుంది. రెండోది ఐడ్లింగు. డీజిల్ మిగులుతుందని డ్రైవర్లు ఐడ్లింగును బాగా తగ్గించి పెట్టుకుంటారు. మిగిలే చుక్కల కంటే రబ్బరుకు జరిగే నష్టం ఎక్కువ, ఎందుకంటే వేగం తగ్గేకొద్దీ ఊపు రబ్బరు సహజ వేగానికి దగ్గరవుతుంది. కంపెనీ చెప్పిన చోటికే పెట్టించండి. మూడోది, ఎత్తు మీద నిండు లోడుతో నిలబడి, బ్రేకు వాడకుండా క్లచ్ మీదే బండిని నిలబెట్టే అలవాటు. అది క్లచ్‌ను తింటుంది, పైన చెప్పిన ఐదు రెట్ల మెలికను నిమిషాల తరబడి రబ్బరు మీద ఉంచుతుంది.

రబ్బరు ధర ఎక్కువని టైరు ముక్కలు, కన్వేయర్ బెల్టు ముక్కలు కోసి ఫౌండేషన్‌లో పెట్టిన బండ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. టైరు ముక్కలో దారాలో తీగలో ఉంటాయి, అది మెత్తగా ఊగదు, ఇనుముకు అతకదు, బోల్టు ఒక్కటే ఇంజిన్‌ను పట్టుకుని ఉంటుంది. అలా నడిపిన బండ్లలో క్లచ్ హౌసింగు చెవులు విరిగినవి నేను స్వయంగా చూశాను. దారి మధ్యలో ఇంటికి చేరడానికి తప్పితే ఆ పద్ధతికి పోకండి.

మార్చిన తర్వాత 500 కిలోమీటర్లు తిరిగాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అన్ని నట్లనూ టార్క్ రెంచితో ఒకసారి పట్టి చూడండి. కొత్త రబ్బరు మొదట్లో కాస్త కూర్చుంటుంది, ఒకటి రెండు నట్లు పావు చుట్టు తీసుకోవడం సహజం. ఆ రోజు ఫ్యాను సందు కూడా మళ్లీ కొలిచి ఇక్కడ రాయండి. ఐడ్లింగు వణుకు తగ్గి ఫస్టు గేరు కుదుపు మాత్రం మిగిలితే, గేర్ బాక్స్ దింపకముందే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులూ సెంటర్ బేరింగూ చూసి ఆ సంగతి కూడా చెప్పండి, అక్కడి నుంచి ముందుకు చూద్దాం.